కష్టాలు చాలని అభ్యర్థిని

మృదులకు కష్టాలు లేవన్న సంగతి బయటపడిన రోజు ఆ ఇంట్లో ఎవరూ మధ్యాహ్నం అన్నం తినలేదు. పోనీ, అదైనా ఒక కష్టం కింద రాసుకోవచ్చేమోనని ఆమె భర్త దొరబాబు ఆశపడ్డాడు. కానీ అన్నం బదులు ముగ్గురూ తలా నాలుగు పూతరేకులు తిన్న సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాడు.

మృదుల ఆ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగు నెలలే అయింది. కడియంలో వాళ్లది నర్సరీ. గుమ్మం దిగితే గులాబీలు, పెరటి తలుపు తీస్తే క్రోటన్లు, మేడ మెట్ల మీద కూడా మెట్టుకో కుండీ. తాడేపల్లిగూడెంలో బీఎస్సీ బోటనీ చదువుకున్న పిల్లకి ఇంతకంటే ఏం కావాలి? పొద్దున్నే గొట్టంతో నీళ్లు పడుతుంటే ఎండ తగిలి చిన్న ఇంద్రధనుస్సు వచ్చేది. అది కనిపించిన ప్రతిసారీ ఆమె దొరబాబుని కేకేసేది, అతను పళ్లు తోముకుంటూనే పరుగెత్తుకొచ్చి చూసేవాడు. నాలుగు నెలలుగా ఇద్దరికీ అది పాతబడలేదు.

ఎమ్మెస్సీ బోటనీ ఎంట్రన్సులో ఆమెకి రెండో ర్యాంకు వచ్చింది. సీట్లు ఇరవై. మామూలు రోజులైతే రెండో ర్యాంకు వచ్చినవాళ్లు కొత్త నోటు పుస్తకాలు కొనుక్కునేవారు. కానీ అవి మామూలు రోజులు కావు. విశ్వవిద్యాలయం మనోదృఢత్వాన్ని కనిపెట్టింది.

అంతకుముందు ఏడాది కొందరు పిల్లలు చదువు మధ్యలో మానేశారు. ఎందుకు మానేశారో తెలుసుకుందామని ఉపకులపతిగారు ఒక చల్లటి కొండ ఊళ్లో మూడు రోజుల సదస్సుకి వెళ్లి, ఒక శాలువాతోనూ ఒక సత్యంతోనూ తిరిగొచ్చారు. ముందుగా లక్ష్యం పెట్టుకున్నవాళ్లూ, పడ్డా లేవగలిగినవాళ్లూ బాగా చదువుతారన్నదే ఆ సత్యం. ఇందులో ఎవరూ తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే ఒక సత్యాన్ని ఉత్త సత్యంగా వదిలేయడం విశ్వవిద్యాలయానికి చేతకాదు. దానికి ఒక దరఖాస్తు ఫారం ఉండాలి. కాబట్టి లక్ష్యనిర్ణయ మనోదృఢత్వ విభాగం వెలిసింది. మొదట వంద మార్కుల్లో పది దృఢత్వానికి ఇచ్చారు. మొదటి సవరణతో అవి నలభై అయ్యాయి, రెండో సవరణతో ఎనభై. మూడో సవరణ వచ్చేసరికి వందా దృఢత్వానికే పోయాయి, ఇద్దరికి సమానంగా వస్తే తప్ప ఎంట్రన్సు ర్యాంకు చూడనక్కర్లేదన్నారు. ఇప్పటిదాకా కనీసం మూడు కష్టాలు పడి లేచినట్టు, కష్టం కలిగించినవారి సంతకంతోనో, చూసినవారి సంతకంతోనో ధ్రువపత్రం తేవాలి.

సర్టిఫికెట్ల పరిశీలన రోజున విశ్వవిద్యాలయం గేటు దగ్గర జనం కిటకిటలాడారు. గేటు మీద "మీ లక్ష్యం – మా బాధ్యత" అని పెద్ద బ్యానరు. దాని కింద జెరాక్సు దుకాణం వాళ్లు "ఇచ్చట కష్టములు టైపు చేయబడును" అని అట్టముక్క వేలాడదీశారు. వరసలో మృదుల ముందున్న కుర్రాడు తనని ఇంట్లోంచి గెంటేసిన ఇంటి ఓనర్ని వెంటబెట్టుకొచ్చాడు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఆ పెద్దమనిషి ఎండకి అల్లాడుతుంటే, కుర్రాడే పాపం న్యూస్‌పేపరుతో విసురుతున్నాడు. ఇంటర్‌లో నాలుగుసార్లు తప్పినవాడొకడు పెళ్లికొడుకులా నిలబడ్డాడు, చుట్టూ జనం చేరి నోట్సు అడుగుతున్నారు. ఇంకోచోట ఒక తండ్రి కొడుకుని కోప్పడుతున్నాడు.

"టెన్తులో ఒక్కసారి ఫెయిలవ్వరా అంటే విన్నావా? ఫస్టు క్లాసు, ఫస్టు క్లాసు అని ఎగిరావు. ఇప్పుడు అనుభవించు!"

కౌంటర్లో సూపరింటెండెంటు విజయభారతిగారు కూర్చున్నారు. ముక్కు మీద కళ్లద్దాలు, ఎదుట ఎర్రసిరా పెన్ను.

"పేరు?"

"మృదుల అండి."

"పేరులోనే మెత్తదనం కనబడుతోంది," అందావిడ తలెత్తకుండా. "కష్టం నంబరు ఒకటి చెప్పండి."

మృదుల చాలాసేపు ఆలోచించింది. "పోయిన నెల ద్వారపూడి బట్టల బజారుకి వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు బస్సు తప్పిపోయిందండి."

"ఊఁ. తర్వాత?"

"కాలవ గట్టు మీద నడుచుకుంటూ వచ్చేశామండి, నేనూ ఆయనా. దారిలో జామకాయలు అమ్ముతుంటే..."

"తిన్నారా?"

"ఉప్పూకారం వేసిచ్చారండి."

విజయభారతిగారు అర మార్కు వేసి, జామకాయల నిమిత్తం కొట్టేశారు. "లక్ష్యపత్రం ఇలా ఇవ్వండి. ఐదేళ్ల లక్ష్యం... 'మా కాలవ గట్ల మీద మొలిచే ఫెర్న్ మొక్కలన్నిటి పేర్లూ తెలుసుకోవాలి.' ఇది కొలవడానికి వీలుగా లేదు. మొత్తం ఎన్ని మొక్కలు?"

"అది తెలిస్తే ఇంక చదవడం ఎందుకండి?"

"వాదించకూడదు. స్వల్పకాలిక లక్ష్యం... 'ఆదివారంలోగా గులాబీకి అంటుకట్టడం నేర్చుకోవాలి.' నేర్చుకున్నారా?"

"శనివారమే వచ్చేసిందండి!" అంది మృదుల సంబరంగా.

ఆవిడ జాలిగా చూసింది. "గడువు కంటే ముందే చేరిన లక్ష్యాన్ని విశ్వవిద్యాలయం లక్ష్యంగా గుర్తించదమ్మా. అంత సులువుగా అందితే అది లక్ష్యమెలా అవుతుంది? కనీసం పది నిమిషాలైనా ఆలస్యం కావాలి. వివాహమైందా?"

"నాలుగు నెలలైందండి."

విజయభారతిగారి మొహం విప్పారింది. "ముందే చెప్పొద్దూ? కొత్త కోడళ్లకి అనుబంధం ఏడు ఉంది. అత్తగారి ధ్రువపత్రం. మొన్న ఒకమ్మాయికి దాంట్లోనే డెబ్బై ఆరొచ్చాయి. అత్తగారున్నారా?"

"ఉన్నారండి."

"ఎలా చూస్తారు?"

"చాలా బాగా చూస్తారండి."

ఎర్రసిరా పెన్ను కింద పడింది. "పోనీ భర్త?"

"ఆయన ఇంకా బాగా చూస్తారండి," అంది మృదుల, చెవులు ఎర్రబడుతుండగా. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మీ పరిస్థితి ఆందోళనకరంగా ఉంది," అంది విజయభారతిగారు, నాడి చూసిన డాక్టరులాగా. "పది రోజులు గడువిస్తున్నాను. ఈలోగా మూడు కష్టాలు సంపాదించుకోండి. మా క్షేత్ర కష్ట పరిశీలకులు ఇంటికొచ్చి విచారిస్తారు. కష్టాలు నలభై మార్కులకి చాలకపోతే సీటు తర్వాతివారికి పోతుంది."

పూతరేకుల భోజనం ఆ రోజుదే.

అత్తగారు మంగతాయారు అనుబంధం ఏడుని కొడుకు చేత రెండుసార్లు చదివించుకుంది. "సదరు కోడలిని నేను మూడు పర్యాయములకు తక్కువ కాకుండా బాధించితిననియు, ఆమె తట్టుకొని నిలబడినదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను," అని దొరబాబు చదివేసరికి ఆవిడ మొహం కందగడ్డ అయింది.

"నేనా? నేను బాధించానని నేనే సంతకం పెట్టాలా? ఏరా, రేపొద్దున మన వీధిలో తలెత్తుకు తిరగొద్దా? ఆళ్ల యూనివర్సిటీకి నేనేం ద్రోహం చేశాన్రా?"

"అమ్మా, ఉత్త కాయితమే కదా..."

"కాయితమైతే మటుకు! ఏలిముద్ర కాదు, సంతకం! ఏడో తరగతి దాకా చదివి నేర్చుకున్న సంతకం!"

అప్పుడావిడ కోడలి వంక చూసింది. మృదుల కొనిపెట్టుకున్న కొత్త నోటు పుస్తకానికి అట్ట వేసి ఉంది, దాన్ని మెల్లగా బీరువాలో లోపలి అరలోకి తోస్తోంది. మంగతాయారు గొంతు తగ్గింది.

"సర్లే, ఊరుకో అమ్మాయ్. రేపట్నించి బాధిత్తాను."

మర్నాడు పొద్దున్నే ఆవిడ వంటింటి గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "ఇయ్యాల నీకు కాఫీ లేదు."

"సరే అత్తయ్యగారూ," అంది మృదుల ఉత్సాహంగా. దొరబాబు డైరీలో కష్టం ఒకటి అని రాసుకున్నాడు. పది నిమిషాలు గడవకముందే ఆవిడ అల్లం టీ గ్లాసు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"అమ్మా!"

"కాఫీ లేదన్నాను గానీ టీ లేదన్నానా?"

రెండో రోజు నాలుగొందల మట్టి కుండీలు ఒక్కర్తే కడగాలని హుకుం జారీ చేసింది. మృదుల చీర కుచ్చెళ్లు దోపుకుని కూర్చుంది. మూడో కుండీకే అడుగున నాచు కనబడింది, ఏడో దానికి గోధుమరంగు చారలున్న నత్త కనబడింది. ఇక మృదుల పాట ఎత్తుకుంది. ఎండెక్కేసరికి మంగతాయారు వచ్చి గొడుగు పట్టుకుని నిలబడింది. "బాధించేవాళ్లు గొడుగు పట్టరమ్మా," అని దొరబాబు మొత్తుకుంటే, "ఎండదెబ్బ తగిల్తే పరిశీలకుడొచ్చేసరికి పిల్ల మంచమెక్కుద్ది. అప్పుడెవర్ని బాధించమంటావు?" అని ఎదురడిగింది.

మిగిలింది తిట్లు. ఆవిడకి తిట్లు రావు. నలభై ఏళ్లుగా మొక్కలతోనే మాట్లాడిన మనిషి. పెరట్లోకెళ్లి ఒక క్రోటను మొక్క ముందు నిలబడి సాధన మొదలుపెట్టింది. "ఓసి సోమరిపోతా! ఓసి పనికిమాలినదానా!" అని రెండు మాటలని, మొక్క ఏమనుకుంటుందోనని వెంటనే దాని ఆకులు తుడిచింది.

తొమ్మిదో రోజున క్షేత్ర కష్ట పరిశీలకుడు నూకరాజుగారు మోపెడు మీద దిగారు. నిన్నమొన్నటి దాకా ఆయన విశ్వవిద్యాలయం స్టోర్సులో కుర్చీలూ బల్లలూ లెక్కపెట్టేవారు. కుర్చీలకి నంబర్లు వేసిన అనుభవం ఉంది కదా అని కష్టాలకి మార్చారు. సంచీలోంచి అట్టా, ఫారాలూ, కొలత టేపూ తీశారు. టేపు ఎందుకని దొరబాబు అడిగితే, "అలవాటండి," అన్నారు.

"ప్రారంభించండి. నేను లేననుకోండి. మామూలుగా ఎలా బాధిస్తారో అలాగే బాధించండి."

మంగతాయారు కొంగు బిగించింది. మృదుల తల వంచుకుని నిలబడింది.

"ఓసి సోమరిపోతా!" అంది ఆవిడ, క్రోటను వైపు ఒకసారి చూసి ధైర్యం తెచ్చుకుని. "ఓసి పని... పనికిమాలిన..."

అంతే. అక్కడే అరుగు మీద కూలబడి ఆవిడ బావురుమంది. మృదుల పరుగెత్తుకెళ్లి పట్టుకుంది.

"అయ్యో అత్తయ్యగారూ, బాగానే తిట్టారండి! చాలా బాగుంది! మొదటిది అయితే నాకు నిజంగా తగిలింది!"

"ఇంత మాటన్నాక ఇంకా బాగుందంటావేంటే పిచ్చిదానా!" అని ఆవిడ ఇంకా ఏడ్చింది.

నూకరాజుగారు గడియారం చూసి, కన్నీటి వ్యవధి రాసుకున్నారు. ఏడ్చింది బాధించిన మనిషి. ఫారంలో దానికి గడి లేదు. "అమ్మా, మీరు ఊరుకోండి. జీవితంలో ఇంతకన్నా పెద్దవి చూసుంటారు," అన్నారు మర్యాదకి.

ఆ ఒక్క మాటతో కథ దారి మళ్లింది.

"సూళ్లేదేంటండి," అని ఆవిడ ముక్కు తుడుచుకుంది. "వీడికి మూడో ఏడప్పుడు వీళ్ల నాన్న పోయారు. ఆ ఏడే వరదొచ్చి తోటంతా మునిగింది. మళ్లీ నాటాం. మళ్లీ నాలుగేళ్లకి మునిగింది. నాటాం. ఇంకోసారి గాలివానకి మొత్తం ఎగిరిపోయింది, పొరుగూరి చెరువులో తేలాయి నా మల్లె మొక్కలు..."

"ఒక్క నిమిషం," అన్నారు నూకరాజుగారు. ఆయన సంచీలోంచి కొత్త ఫారం తీశారు. వారం రోజులుగా ఆయన చూసినవన్నీ జెరాక్సు దుకాణంలో టైపు చేసిన కష్టాలే. అన్నిట్లోనూ ఒకే అచ్చుతప్పు. "మొత్తం మూడుసార్లా? సాక్షులున్నారా?"

"వీధి వీధంతా సాక్షులేనండి. అయినా దాన్ని కష్టమంటారేంటండి? మొక్క పోతే ఇంకో మొక్క నాటుకోవాలి. ఊరికే కూకుంటే ఎలాగ?"

"ఆ వాక్యం మళ్లీ చెప్పండి, మెల్లగా."

ఆయన ఆరు అదనపు కాగితాలు రాసుకున్నారు. పొరుగువాళ్లు ముగ్గురు సంతకాలు పెట్టారు. మజ్జిగ తాగి, ఒక సన్నజాజి మొక్కని మోపెడుకి కట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయారు. మృదుల గురించి ఆయన రాసింది రెండే వాక్యాలు: "సదరు గృహమందు అభ్యర్థినికి చెందిన కష్టమేదియు తనిఖీలో కనబడలేదు. ఉన్న కన్నీరు సైతము అత్తగారిది."

మర్నాడే విచారణ. దృఢత్వ విభాగం డైరెక్టరు ప్రొఫెసర్ చిదంబరేశ్వరరావుగారి గదిలో ఏసీ చల్లగా ఉంది. గోడ మీద మెట్లెక్కుతున్న మనిషి బొమ్మ, పై మెట్టు మీద జెండా. ఆయన మాట్లాడితే ఎదురుగా మైకు ఉన్నట్టుండేది.

"అమ్మాయీ, విశ్వవిద్యాలయం నీ పట్ల అత్యంత సానుభూతితో ఉన్నది. కానీ సానుభూతి వేరు, సూచిక వేరు. నీ దృఢత్వ సూచిక, సున్న. మా చరిత్రలో ఇటువంటి సున్న సంభవించలేదు. నీవు సంతోషంగా ఉన్నట్టు మూడు ఆధారాలు లభించాయి." ఫైలు తిరగేస్తూ ఆగారు. "తండ్రి పేరు ముందు 'కీర్తిశేషులు' అని ఉన్నదే?"

"అవునండి," అంది మృదుల. "రెండేళ్లయిందండి."

పక్కనున్న విజయభారతిగారు ఉలిక్కిపడింది. "పితృవియోగం! పట్టికలో అదే మొదటిది, నలభై ఐదు మార్కులు! ఇన్నాళ్లూ చెప్పవేమ్మా? ఒక్క దెబ్బకి సీటొచ్చేస్తుంది!"

డైరెక్టరుగారు కూడా సంతోషించి కాయితం ముందుకు తోశారు. "ఇక్కడ సంతకం చెయ్యి. 'సదరు దుఃఖము నుండి నేను సంపూర్ణముగా కోలుకొంటిని' అని."

మృదుల పెన్ను తీసుకుంది. వాళ్ల నాన్న పోస్టుమాన్. ఉత్తరాలు పంచి వచ్చేటప్పుడు సంచీ అడుగున ఏదో ఒక ఆకు తెచ్చేవాడు. ఫెర్న్ ఆకు తిరగేస్తే వెనక వరసగా గోధుమరంగు చుక్కలుంటాయి. "చూశావా తల్లీ, వీటికి కూడా తపాలా ముద్రలు కొట్టే పంపిస్తారు," అనేవాడు. ఇప్పటికీ ఆకు కనబడితే తిరగేసి చూసి, చెప్పడానికి పక్కకి తిరుగుతుంది.

ఆమె పెన్ను మూత పెట్టేసింది.

"నేనింకా కోలుకోలేదండి."

"పోనీ, సుమారుగా కోలుకుంటివా?" అని అడిగారు డైరెక్టరుగారు.

"లేదండి. కోలుకోవాలని కూడా లేదండి. ఆయన సంగతి మార్కులకి వద్దండి."

విజయభారతిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కానీ ఎర్రసిరా పెన్ను తన పని తాను చేసింది: పడుట – ఉన్నది. లేచుట – ఆధారము లేదు. మార్కులు – సున్న.

"అయితే ఒక్కటే మార్గం," అన్నారు డైరెక్టరుగారు, ఈసారి కొంచెం నెమ్మదిగా. "కష్టాలు కొరవడిన అభ్యర్థుల నిమిత్తం విశ్వవిద్యాలయమే కష్ట పూరణ శిబిరం నిర్వహిస్తున్నది. ఏడు రోజులు. అన్ని కష్టాలూ ప్రామాణికమైనవి, మా సిబ్బంది స్వయంగా కలిగించేవి."

శిబిరమంటే ఒక వరండా. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా అక్కడ వరసలో నిలబడాలి. కిటికీ దగ్గరికి చేరగానే కిటికీ మూసేస్తారు. తెరిచాక, "ఇక్కడ కాదు, ఆ చివర" అంటారు. ఆ చివరికి వెళ్తే ఫారం రంగు తప్పంటారు. సిబ్బందికి దీనికోసం వేరే తర్ఫీదు అవసరం పడలేదు. మొదటి రోజు సాయంత్రానికే సగం మందికి నలభై దాటాయి. టెన్తులో ఫస్టు క్లాసు కుర్రాడు మూడో రోజున స్తంభాన్ని పట్టుకుని ఏడ్చి అరవై రెండు తెచ్చుకున్నాడు. వాళ్ల నాన్న అందరికీ చాక్లెట్లు పంచాడు.

మృదులది మాత్రం ఎంతకీ పెరగలేదు. ఆ వరండా పక్క గోడకి పాత నీటి గొట్టం ఒకటి కారుతోంది. కారిన చోటల్లా పచ్చగా నాచు పట్టి, దాని మీద ఫెర్న్‌లు లేచాయి. వరస అంగుళం కదిలితే ఆమెకో కొత్త మొక్క కనబడేది. "మీరు ముందుకెళ్లండి, నాకీ ఆకు చూడాలి," అని వెనకవాళ్లకి చోటిచ్చేది. కిటికీ మూసినప్పుడల్లా, అమ్మయ్య, ఇంకాసేపు చూడొచ్చు అనుకునేది. ఏడో రోజుకి ఐదు రకాలు తేలాయి. అందులో ఒకదాని పేరు ఆమెకు తెలియలేదు. ఆ సంగతి దొరబాబుకి ఫోనులో చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఉన్న సంబరాన్ని శిబిరాధికారి స్వయంగా విని, రికార్డు చేశారు.

మర్నాడు జాబితా అతికించారు. మృదుల, దొరబాబు, మంగతాయారు ముగ్గురూ వెళ్లారు. దొరబాబు కింది నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఇరవైలో లేదు, పదిలో లేదు, ఐదులోనూ లేదు. ఒకటో నంబరు దగ్గర ఆగి నోరు తెరిచాడు.

"అమ్మా... నీకొచ్చింది."

"ఏంటొచ్చింది?"

"ఎమ్మెస్సీ బోటనీ. తొంభై ఎనిమిది మార్కులు. ఫస్టు."

నూకరాజుగారి నివేదిక అక్షరాలా అమలైంది. గృహమందు పరిశీలించగా దొరికిన దృఢత్వం ఎవరిదో వారికే సీటివ్వడం న్యాయమని ప్రవేశాల సంఘం తీర్మానించింది. ముగ్గురూ డైరెక్టరుగారి గదికి పరుగెత్తారు.

"నేను ఏడో తరగతండి బాబూ!" అంది మంగతాయారు.

"మూడో సవరణలో విద్యార్హత నిబంధన తొలగింపబడినదమ్మా," అన్నారు డైరెక్టరుగారు లేచి నిలబడి. ఆయన నిజంగానే చలించిపోయి ఉన్నారు. "చదువుదేముంది, ఇక్కడ చెప్పవచ్చు. కష్టం ఎక్కడ చెబుతాం? 'మొక్క పోతే ఇంకో మొక్క నాటుకోవాలి' – ఈ వాక్యాన్ని గేటు మీద చెక్కిస్తున్నాం. దయచేసి ఈ లక్ష్యపత్రం పూరించండి. లక్ష్యం కొలవదగినదై ఉండాలి, గడువు ఉండాలి."

మంగతాయారు కోడలి వంక చూసింది. ఆ పిల్ల గోడవైపు తిరిగి మెట్లెక్కే మనిషి బొమ్మ చూస్తున్నట్టు నటిస్తోంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె మొహంలో ఏ సంబరమూ లేదు. అత్తగారు పెన్ను తీసుకుని, ఏడో తరగతి దాకా నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో ఒక్కటొక్కటిగా రాసింది. రాసి డైరెక్టరుగారి చేతిలో పెట్టింది.

ఆయన పైకి చదివారు. "'లక్ష్యము: నా కోడలు మృదులకి ఎమ్మెస్సీ బోటనీలో సీటు రావలెను. ఎన్ని: ఒకటి. గడువు: ఇయ్యాల మధ్యాహ్నం భోజనం లోగా.'"

"కొలవొచ్చాండీ?" అంది ఆవిడ.

"కొలవవచ్చు గానీ..."

"మరి గేటు మీద రాశారు కదండీ, మీ లక్ష్యం మా బాధ్యత అని. రాసింది మీరే కదా?"

చిదంబరేశ్వరరావుగారు విజయభారతిగారి వైపు చూశారు. ఆవిడ నిబంధనల పుస్తకం తెరిచి, ఎందుకో చాలా హుషారుగా చదివింది. "పందొమ్మిదో నిబంధన. 'ప్రవేశము పొందిన విద్యార్థి లక్ష్యమును నెరవేర్చుట విశ్వవిద్యాలయ విధి. నెరవేరని యెడల డైరెక్టరు దృఢత్వ సూచిక నుండి తగు మార్కులు కోయబడును.'"

"నాకూ సూచిక ఉన్నదా?"

"ఉందండి. ప్రస్తుతం పదకొండు."

ఆయన కూర్చుండిపోయారు. ఆ తర్వాత రెండు గంటలపాటు ఫోన్లు మోగాయి. సీటు ఇరవై ఒకటి అనేది సృష్టించవచ్చా అని పై అధికారిని అడిగారు. విద్యార్థిగా కాకుండా వేరే హోదాలో చేర్చుకుంటే అడ్డం లేదని ఆయన సెలవిచ్చారు. కాయితాల మీద సంతకాలయ్యేసరికి గడియారం ఒంటిగంటా పది. మంగతాయారు తెచ్చిన క్యారేజీ అప్పటికి బల్ల మీద విప్పేసి ఉంది, పప్పుచారు ఘుమఘుమలాడుతోంది.

"భోజనం గడువు ఒంటిగంట అనుకుంటే, లక్ష్యం పది నిమిషాలు ఆలస్యంగా నెరవేరింది," అంది విజయభారతిగారు, కళ్లద్దాలు సర్దుకుంటూ. "నిబంధనల ప్రకారం చెల్లుతుంది. ఆ ఆవకాయ ఇలా ఇవ్వండి."

తరగతులు సోమవారం మొదలయ్యాయి. మొదటి బెంచీలో మంగతాయారు కూర్చుంది, కొత్త జడపిన్నులు, ఒళ్లో క్యారేజీ. ఆవిడ పక్కన మృదుల, అట్ట వేసిన నోటు పుస్తకంతో. గుమ్మం దగ్గర దొరబాబు ఇద్దరినీ ఫోటో తీసి, వెళ్లలేక వెళ్లలేక వెళ్లాడు. లెక్చరరుగారు అటెండెన్సు రిజిస్టరు తెరిచి పిలవసాగారు.

"ఒకటి, మంగతాయారు."

"ఉన్నానండి బాబూ."

ఇరవై పేర్లూ అయ్యాయి. ఆయన పేజీ అడుగున ఎర్రసిరాతో రాసిన వరస దగ్గర ఆగారు, కళ్లు చిట్లించి మళ్లీ చదువుకున్నారు.

"ఇదేమిటి... లక్ష్యం నంబరు ఒకటి?"

మృదుల కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఎదురుగా అదే వరండా, అదే కారే గొట్టం, దాని మీద పేరు తెలియని ఐదో ఫెర్న్. ఎండలో ఆకు వెనక చుక్కలు ఇక్కడికి కూడా కనబడుతున్నాయి. మంగతాయారు మోచేత్తో పొడిచింది.

"అమ్మాయ్, నిన్నే. పలుకు."

"ఉన్నానండి!" అని మృదుల లేచి నిలబడింది.